పై మూల

ఆగస్టు 6, మంగళవారం

ఈ రోజు ఆఫీసులో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

వారం వారం జరిగే మీటింగే. పెద్దసారు ఒక పాత ఫైలు తెప్పించి, గత అక్టోబరులో నేను రాసిన రిపోర్టు పైకి చదివారు. "స్థలాన్ని స్వయంగా పరిశీలించడమైనది. భూమి మొత్తం పల్లం. వాగు పొంగితే నీరు నిలుస్తుంది. ఇంటి నిర్మాణానికి సిఫారసు చేయడం లేదు." చదివి ఫైలు మూశారు. "శుక్రవారం అక్కడ ఏమైందో మీకందరికీ తెలుసు. ఈయన ఆ రోజు పోనీలే పాపం అని సరేనని ఉంటే, ఇల్లే కొట్టుకుపోయేది. రేపు పేపర్లలో మనమే ఉండేవాళ్ళం. పని చేస్తే ఇలా చెయ్యాలి" అన్నారు.

శుక్రవారం తెల్లవారుతుండగా వాగు పొంగింది. పొలంలో మోటారు షెడ్డులోనే కాపురం ఉంటున్న మెకానిక్కు ఆవుల తాళ్ళు విప్పడానికి వెళ్ళాడట. నానిపోయిన ఇటుక గోడ అతని మీద పడింది. ఆవులు బతికాయి.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరు కొడితే మిగతావాళ్ళూ కొట్టారు. నేనూ కొట్టానేమో, గుర్తులేదు.

ఇంటికొచ్చాక "ఏంటి విశేషాలు?" అంది మా ఆవిడ. ఏం లేదన్నాను.

ఆగస్టు 7

పదకొండు ఫైళ్ళు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆగస్టు 9, శుక్రవారం

ఈ సంగతి ఒకసారి వరసగా రాసి పెట్టుకుంటే మంచిది. రేపు ఎవరైనా అడిగితే తడుముకోనక్కరలేదు.

ఊరి హద్దు దాటి పొలాల్లో కొత్త ఇల్లు కట్టాలంటే రెండు షరతులు. ఒకటి, ఆ పొలం మీద బతికేవాళ్ళై ఉండాలి. రెండు, నీరు నిలవని చోటై ఉండాలి. మెకానిక్కుకి మొదటిదానికి ఏ అడ్డంకీ లేదు. రెండెకరాలు, నాలుగు ఆవులు, చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు బాగుచేసే పని. అక్కడ ఉండాల్సినవాడే. రెండో షరతు దగ్గర నేను కాదన్నాను. సైటు రిపోర్టు నాది. కమిటీ నా రిపోర్టు చూసే నిర్ణయం తీసుకుంటుంది. వాళ్ళు వెళ్ళి చూడరు. అందుకే నేనున్నాను.

అనుమతి వస్తుందనే ధీమాతో వాళ్ళు ఊళ్ళో అద్దె గది ముందే ఖాళీ చేసేశారు. తొందరపడ్డారు. అది నా తప్పు కాదు. రాకపోయేసరికి మోటారు షెడ్డులో సర్దుకున్నారు. అది వాగు పక్కనే. షెడ్డుకి అనుమతి అక్కరలేదు కాబట్టి దాన్ని ఎవరూ చూడలేదు.

మెకానిక్కు నా టేబులు దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఒకటే మాట.

"సార్, పై మూల చూశారా? మేం అడిగింది ఆ మూలకే."

"మొత్తం చూశానయ్యా."

"వాగు పక్క పల్లమే సార్, కాదన్ను. పై మూల మెరక. గొట్టంలో నీళ్ళు పోసి నేనే మట్టం చూశాను."

"గొట్టాలతో చూస్తే సరిపోతుందా? దానికి పద్ధతి ఉంటుంది."

మూడోసారి వచ్చిన రోజు మా ఆఫీసు నీళ్ళ మోటారు పాడై ఉంది. నా కోసం వరండాలో కూర్చున్నవాడు ఊరికే ఉండలేక, వెనక్కి వెళ్ళి దాన్ని విప్పి, బాగుచేసి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఎవరూ అడగలేదు. "బేరింగు పోయింది సార్, ఇంకో ఏడాది లాగుతుంది" అన్నాడు. మంచి పనివాడు. నేను థాంక్స్ చెప్పాననే అనుకుంటున్నాను.

స్థలాన్ని స్వయంగా పరిశీలించడమైనది. పల్లమని రాశాను. నీరొచ్చింది. నేను రాసింది నిజమే కదా.

ఆగస్టు 12, సోమవారం

ఉత్తరం వైపు రెండు సైట్లకి వెళ్ళాం. డ్రైవరు వాగు రోడ్డున కాకుండా చుట్టుతిరిగి తీసుకెళ్ళాడు. అరగంట ఎక్కువ పట్టింది. నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. పదిహేనేళ్ళుగా ఒకే జీపులో తిరుగుతున్నాం. మామూలుగా ఆయన నోటికి తాళం ఉండదు. ఇవాళ తాళం వేసుకుని వచ్చాడు.

ఆగస్టు 13

సాయంత్రం భోంచేస్తుంటే మా ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"కూర ఎలా ఉంది?"

"బాగుంది."

"నిన్న?"

"నిన్నా బాగుంది."

"రెండు రోజులుగా మీ గిన్నెలో ఉప్పు వెయ్యడం లేదు. ఎప్పుడు అరుస్తారా అని చూస్తున్నాను. పాతికేళ్ళలో ఉప్పు రవ్వంత తగ్గితే ఇల్లు పీకి పందిరేసిన మనిషి మీరేనా?"

నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు ఆపేసి, ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. బాగానే ఉంది. నిద్ర పడుతోంది. పనికి వెళ్తున్నాను.

ఆగస్టు 19, సోమవారం

మెకానిక్కు భార్య ఆఫీసుకి వచ్చింది. మళ్ళీ దరఖాస్తు పెట్టింది.

పెద్దసారు ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, నన్ను పిలిచారు. ఆమెకి నలభై దాటి ఉండవు. ఒక ప్లాస్టిక్ సంచిలో కాగితాలు చుట్టి తెచ్చుకుంది.

"చూడమ్మా, జరిగింది ఘోరం. కానీ అక్కడ నీరొస్తుందని మీరే కళ్ళారా చూశారు. మళ్ళీ అక్కడే ఇల్లంటే ఎలా?" అన్నారు పెద్దసారు.

"అక్కడ కాదు సార్, పై మూల. మొదట అడిగిందీ ఆ మూలకే. ఆ రోజు నేను ఎక్కి నిలబడిందీ అక్కడే. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, పరిగెత్తి ఆ మూల ఎక్కాను. నా పాదం తడవలేదు. అక్కణ్ణించే చూశాను అంతా." ఏ ఎత్తుపల్లాలూ లేని గొంతుతో చెప్పింది, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయినట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "అప్పుడు చూడ్డానికి వచ్చింది మీరే కదా సార్?"

"అవును."

"మీరొస్తారని మేమిద్దరం పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా ఆ మూలనే కూర్చున్నాం. మీరు కనబడలేదు."

"నేను పొద్దున్నే వచ్చి వెళ్ళాను" అన్నాను.

"ఓహో. పొద్దున్నేనా" అంది. 

ఆమె వెళ్ళాక పెద్దసారు, "పాపం. కానీ ఏం చేస్తాం. పాత రిపోర్టే తేదీ మార్చి పెట్టెయ్యండి" అన్నారు.

ఆగస్టు 20

అక్టోబరులో పొద్దున్నే వెళ్ళాను. పది అయి ఉంటుంది. పదంటే పొద్దున కిందే లెక్క.

ఆగస్టు 21

తేదీ మార్చలేదు. రేపు.

ఆగస్టు 23, శుక్రవారం

ఫైలు ఇంటికి తెచ్చాను. అలా తేకూడదు.

కొత్త దరఖాస్తుకి పాత బొమ్మే జతచేసింది. మెకానిక్కు పెన్సిలుతో గీసింది. స్కేలు పెట్టి, చక్కగా. వాగు, మోటారు, షెడ్డు, గట్టు. పై మూలలో రెండు గదుల ఇల్లు. వంటింటి కిటికీ ఆవుల వైపు. అయిదు చోట్ల చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క పక్కన వాగు గట్టు కంటే ఎంత ఎత్తో రాశాడు. పై మూల దగ్గర: ఆరడుగుల నాలుగంగుళాలు. దాని కింద చిన్న అక్షరాలతో, "రెండుసార్లు చూశాను."

ఈ కాగితం అక్టోబరులోనూ ఫైలులో ఉంది. నా సంతకం దీని వెనక పేజీలోనే ఉంది.

మా ఆవిడ వచ్చి నా భుజం మీదుగా చూసింది. "ఎవరు గీశారు? మా పిల్లలకి చూపిస్తే బాగుండు, ఇంత నీటుగా గీయమని" అంది. ఆమె లెక్కల టీచరు.

ఆగస్టు 24, శనివారం

సెలవు. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళాను. వాగు మలుపు దగ్గర దిగి నడిచాను. పొలంలో ఎవరూ లేరు. షెడ్డు గోడ మూడువైపులే ఉంది. నాలుగో వైపు ఇటుకలు కుప్పగా పోసి ఉన్నాయి. ఎవరో ఏరి, పగలకుండా ఉన్నవి ఒక పక్కన పేర్చారు.

రోడ్డు మీంచి చూస్తే పొలమంతా ఒక్క మట్టంగానే కనిపిస్తుంది. నిజంగానే అలా కనిపిస్తుంది. గట్టు వెంట నూటయాభై అడుగులు నడిచాక కాళ్ళకి తెలుస్తుంది. ఎక్కుతున్నామని పిక్కలకి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత.

ఆఫీసు లెవెలు పరికరం పట్టుకెళ్ళాను. ఒక్కడినే అటూ ఇటూ తిరుగుతూ చూశాను. ఆరడుగుల అయిదంగుళాలు వచ్చింది. ఒక అంగుళం తేడా.

పై మూలలో పునాది కోసం రాళ్ళు చేర్చి పెట్టి ఉన్నాయి. వాటి మధ్య గడ్డి మొలిచింది. వరద తెచ్చిన చెత్త ఎక్కడిదాకా వచ్చిందో గట్టు మీద గీతలా తెలుస్తోంది. ఆ గీత దగ్గర నేను నిలబడితే రాళ్ళు నా భుజాల ఎత్తులో ఉన్నాయి.

అక్కడ గంటసేపు కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలని చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 25, ఆదివారం

దిగలేదు.

ఆగస్టు 26, సోమవారం

అక్టోబరులో ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు.

ముందురోజు వాన పడింది. రోడ్డు పక్కన జీపు ఆగింది. పది గంటల పది నిమిషాలు. గట్టు నిండా బురద. నా కాళ్ళకి కొత్త బూట్లు. మా ఆవిడ కొనిపెట్టింది, వేసుకోవడం అదే మొదటిసారి. డ్రైవరు, "దిగుతారా సార్?" అని అడిగాడు. "ఇక్కణ్ణించే కనబడుతోందిగా" అన్నాను. కిటికీ అద్దం దించి చూశాను. నాలుగు నిమిషాలు ఉన్నామేమో. అద్దం ఎత్తేసి, పదమన్నాను. ఒళ్ళో ఫైలు పెట్టుకుని దారిలోనే రాశాను.

అంతే. ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు, ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. అలాంటిదేదైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. బూట్లు.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూత పెట్టి విన్నది. 

"ఈ మాట ఇంకెవరికి చెప్పారు?"

"నీకే."

"నాకు చెప్తే ఏం లాభం? నేను మిమ్మల్ని ఏమంటాను? అన్నం పెట్టడం మానేస్తానా?" పేపర్లు సర్దుకుంది. లేస్తూ, "నాకు చెప్పి బరువు దించుకోకండి. ఈ బరువు ఇక్కడ దించేది కాదు" అంది.

ఆగస్టు 28, బుధవారం

కొత్త రిపోర్టు ఇచ్చాను. కొలతలన్నీ పెట్టాను. చివర ఒక వాక్యం రాశాను: "గత అక్టోబరులో నేను జీపు దిగలేదు, పై మూల చూడలేదు."

పెద్దసారు రెండుసార్లు చదివి, తలుపు వెయ్యమన్నారు.

"ఈ ఆఖరి వాక్యం ఎందుకు?"

"జరిగింది సార్."

"జరిగిందనుకోండి. ఆమెకి కావలసింది ఏంటి? అనుమతి. అది వస్తుంది. 'తాజా కొలతల ప్రకారం' అని రాయండి, అందులో అబద్ధం లేదు. ఈ ఒక్క వాక్యం ఉంటే మాత్రం మీరు ఇన్నేళ్ళు రాసిన ప్రతి రిపోర్టూ తవ్వుతారు. కాదన్నవాళ్ళందరూ వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆయన్నే ఎరగనివ్వండి, మనకెందుకు?"

తనే నవ్వారు. చెడ్డమనిషి కాదు.

పెన్ను నా చేతికిచ్చారు. కొట్టేశాను.

మెట్ల దగ్గర డ్రైవరు కనిపించాడు. లోపల ఏం జరిగిందో ఆయనకెలా తెలిసిందో. "సార్, ఎవరైనా అడిగితే నేను చెప్తాను. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నాడు. నేను తల ఊపాను. "మీరూ అడగలేదు" అన్నాడు.

ఆగస్టు 30

మామూలే.

సెప్టెంబరు 5, గురువారం

కమిటీ ఒప్పుకుంది. రెండు నిమిషాలు పట్టింది. పై మూలలో రెండు గదులు, తాజా కొలతల ప్రకారం.

మధ్యాహ్నం ఆమె వచ్చి కాగితం తీసుకుంది. పెద్దసారు నన్ను చూపించి, "ఈయనే పట్టుబట్టి మళ్ళీ కొలిచాడమ్మా, సెలవు రోజున" అన్నారు. సెలవు రోజున వెళ్ళిన సంగతి ఆయనకి నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో.

ఆమె నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మీ మేలు మర్చిపోను సార్. ఆ మూల మంచిదేనని మా అత్తయ్యకి ఎంత చెప్పినా నమ్మలేదు. ఆఫీసువాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళు తప్పు చెప్తారా అంటుంది. కొడుకునే తిట్టేది, పల్లంలో ఇల్లు అడిగాడు తెలివితక్కువవాడు, కొలవడం చేతకాక అందరి ముందూ పరువు తీశాడని. ఆ మాట పడుతూనే పోయాడు."

"ఇప్పుడు నమ్ముతారుగా" అన్నారు పెద్దసారు.

"ఏమో సార్. ఇప్పుడేదో కొత్తరకం కొలతలు వచ్చాయట, అప్పుడు మనవాడిది తప్పేనట అంటోంది."

నేను ప్రతినమస్కారం పెట్టాను. పెట్టాను. చేతులు వాటంతటవే లేచాయి.

సెప్టెంబరు 8, ఆదివారం

వెళ్ళాను.

పై మూలలో ముగ్గు గీసి, తాళ్ళు కట్టి, నలుగురు పనివాళ్ళు పునాది తవ్వుతున్నారు. ఆమె మట్టి తట్టలు అందిస్తోంది. నన్ను చూసి, చెయ్యి చీరకి తుడుచుకుని, నీడలో పీట వేసింది. కూర్చోలేదు.

"మీ ఆయన కొలిచింది సరైనదే. అప్పుడు నేను పొద్దున్నే వచ్చానని చెప్పింది అబద్ధం. రోడ్డు మీదే ఉన్నాను. జీపు దిగలేదు. ఇటు రానే లేదు."

తట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "ఎందుకు దిగలేదు?" అంది.

చెప్పాను. బూట్ల సంగతి చెప్పాను. అక్కడ ఇంకేదైనా పెద్ద కారణం చెప్పగలిగితే బాగుండేదని ఒక్క క్షణం అనిపించిందని కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఆమె నా కాళ్ళ వైపు చూడలేదు. రోడ్డు వైపు చూసింది, ఎంత దూరమో కొలుస్తున్నట్టు. అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. చేతిలో తట్ట ఉంది.

"మా అత్తయ్యకి మీరే చెప్పండి" అంది. "నేను చెప్తే నమ్మదు."

ముసలామె రాళ్ళ కుప్ప పక్కన చాప మీద కూర్చుని ఉంది. వరద వచ్చిన రోజు కూతురింట్లో ఉందట. చెవులు సరిగ్గా వినబడవు. నేను వంగి చెప్పాను. "ఆఁ?" అంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. కోడలి వైపు చూసి, "ఏమంటున్నాడు?" అంది. కోడలు పెదవి విప్పలేదు. అప్పుడు అరిచాను.

"నేను జీపు దిగలేదమ్మా! చూడకుండానే రాశాను!"

తవ్వుతున్న నలుగురూ ఆగిపోయారు. గునపం ఒకటి నేలలో దిగబడి అలాగే ఉండిపోయింది.

ముసలామె కాసేపు నా ముఖమే చూసింది.

"దిగకపోతే ఎలా కనబడుతుంది నాయనా?" అంది. కోపంగా కాదు. తెలియక అడిగినట్టే అడిగింది.

చెయ్యెత్తి రోడ్డు వైపు చూపించాను.

"అయితే మావాడు కొలిచింది?"

"సరిగ్గా కొలిచాడమ్మా!"

"సరిగ్గానా?"

"సరిగ్గా! నాకంటే సరిగ్గా!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న రాయి మీద చెయ్యి వేసి రాస్తూ ఉండిపోయింది, పిల్లవాడి వీపు నిమిరినట్టు. "ఎన్ని మాటలన్నానురా" అంది. అది నాతో కాదు.

నేను నిలబడే ఉన్నాను. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. కోడలు వచ్చి, "ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసివ్వండి. మీ సంతకంతో. ఇంత బతుకూ బతికి చేతకానివాడనిపించుకుని పోయాడు. ఊళ్ళో చూపించాలి" అంది.

ఇస్తానన్నాను.

సెప్టెంబరు 9

కొట్టేసిన వాక్యం మళ్ళీ రాశాను. ఈసారి విడిగా, ఒక్క కాగితం మీద అదొక్కటే. ఒకటి పెద్దసారుకి, ఒకటి పై ఆఫీసుకి. పెద్దసారు తలుపు వెయ్యమనలేదు. "మీ ఇష్టం" అన్నారు. కాగితం అందినట్టు సంతకం చేసిచ్చారు.

డ్రైవరుని పై ఆఫీసువాళ్ళు ఫోనులో అడిగారట. చెప్పాడట.

సెప్టెంబరు 12, గురువారం

విచారణ పూర్తయ్యేదాకా పనిలోకి రావద్దని ఉత్తర్వు వచ్చింది. నేను కాదన్న ఫైళ్ళన్నీ తీస్తున్నారు. మిగతావాటికి దిగానా లేదా అని అడిగారు. చాలావాటికి దిగాననే అనుకుంటున్నాను. గట్టిగా చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళూ గట్టిగా చెప్పగలిగేవాణ్ణి.

మా ఆవిడ ఉత్తర్వు చదివి, మడిచి బీరువాలో పెట్టింది. "ఆమెకి ఇవ్వాల్సిన కాగితం ఇచ్చారా?" అని అడిగింది.

"రేపు."

"రేపంటే రేపే" అంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఇచ్చాను. గోడలు మోకాటి ఎత్తు లేచాయి. ఆమె వంటింటి వైపు నిలబడి కాగితం మొత్తం చదివింది. పెదవులు కదుపుతూ, నా పేరు దాకా. మడిచి జాకెట్లో దోపుకుంది.

ఇంకేమైనా చేయాల్సింది ఉందా అని అడిగాను. లేదంది.

గుమ్మంలోంచి ఎవరు బయల్దేరినా వెళ్ళిరండి అంటాం. చావు కబురు తెచ్చినవాడితో కూడా అలాగే అంటాం.

"వెళ్ళండి" అంది ఆమె.

గట్టు దిగి, రోడ్డు దాకా నడిచి, బస్సెక్కాను.